గుండె రక్తనాళాల జబ్బులో కొలెస్ట్రాల్, ఇన్‌ఫ్లమేషన్ పరీక్షలు: రిపోర్టు చదవడం ఎలా?

స్టెంట్ వేయించుకున్నవాళ్లు, బైపాస్ అయినవాళ్లు, యాంజియోగ్రామ్‌లో పూడిక ఉందని తేలినవాళ్లు రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే ముందు చూసేది టోటల్ కొలెస్ట్రాల్. అది 200 లోపు ఉంటే 'అమ్మయ్య, నార్మల్' అనుకుని కాగితం మడిచి పెట్టేస్తారు. నిజానికి గుండె రక్తనాళాల్లో ఇప్పటికే జబ్బు ఉన్నవాళ్లకు ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. అసలు సంగతి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటామే, అది), నాన్-హెచ్‌డీఎల్, ఏపీవో-బీ, లైపోప్రొటీన్-ఏ, హెచ్‌ఎస్-సీఆర్‌పీ అనే అంకెల్లో ఉంటుంది. వాటిని ఏ వరసలో చూడాలి, ఎక్కడ పొరబడతాం, డాక్టరుగారిని ఏం అడగాలి అన్నదే ఈ వ్యాసం.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఛాతీలో నొప్పి, బరువు, చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఇప్పుడు ఉంటే ఈ పరీక్షల గురించి ఆలోచించొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ కావలసినవి ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నదా చెప్పే రక్తపరీక్ష). ఈ వ్యాసంలోని పరీక్షలు రాబోయే నెలలు, సంవత్సరాల ముప్పు చెప్పేవే తప్ప ఈ పూట ప్రమాదాన్ని పట్టేవి కావు.

ముందుగా: కొలెస్ట్రాల్, ఇన్‌ఫ్లమేషన్ (కణజాలంలో రేగే మంట, వాపు) రెండూ ఒకే జబ్బు ఎలా అవుతాయి?

కొలెస్ట్రాల్ రక్తంలో విడిగా తిరగదు, ప్రొటీన్ తొడుగున్న కణాల్లో ప్రయాణిస్తుంది. వాటిలో ఎల్‌డీఎల్, దాని బంధువర్గం ధమని లోపలి పొర దాటి గోడలోకి దూరి అక్కడే ఇరుక్కుపోతాయి. ఇరుక్కున్నవి రసాయనికంగా చెడిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి తెల్లరక్తకణాలు వస్తాయి, మింగుతాయి, మింగలేనంత మింగి అక్కడే చనిపోతాయి. పేరుకున్న కొలెస్ట్రాల్ స్ఫటికాలు ఈ కణాల్ని ఇంకా రెచ్చగొడతాయి. అప్పుడు ఇన్‌ఫ్లమేషన్ కబురు మోసే ప్రొటీన్లు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, దాని వెనకే ఇంటర్‌ల్యూకిన్-6 విడుదలవుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయానికి చేరగానే కాలేయం సీ-రియాక్టివ్ ప్రొటీన్‌ను, అంటే సీఆర్‌పీని తయారుచేస్తుంది. మన రిపోర్టులో కనిపించే అంకె ఈ గొలుసులో చివరి కొస.

ఇక ధమని గోడలో మంట ఎక్కువగా ఉన్నచోట పూడిక మీది పీచుపొర పలచబడి, ఒకరోజు చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు. అందుకే కొన్నిసార్లు 40 శాతం పూడిక ఉన్నచోట కూడా గుండెపోటు వస్తుంది.

1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్‌కొవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ పెట్టి ధమనుల్లో పూడికలు తెప్పించాడు. అంతకుముందే, 19వ శతాబ్దంలో, జర్మనీలో రుడాల్ఫ్ విర్కో ధమని గోడలో కనిపించేది ఇన్‌ఫ్లమేషన్ అని రాశాడు. ఇద్దరూ ఒకే జబ్బును రెండు వైపుల నుంచి చూశారు.

అయితే ఈ రెండింటి హోదా ఒకటి కాదు. పుట్టుకతోనే జన్యువుల వల్ల ఎల్‌డీఎల్ ఎక్కువ ఉన్నవాళ్లకు గుండె జబ్బు ఎక్కువ, తక్కువ ఉన్నవాళ్లకు తక్కువ. కాబట్టి ఎల్‌డీఎల్ కారణమే. సీఆర్‌పీని పెంచే జన్యువులున్నవాళ్లకు మాత్రం జబ్బు ఎక్కువగా రాదు. సీఆర్‌పీ లోపల జరుగుతున్నది చెప్పే సూచిక, దోషి కాదు. దోషులు దానికి పైనున్న ఇంటర్‌ల్యూకిన్‌ల దారిలో ఉన్నారు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతా వ్యాసమంతా తేలిగ్గా అర్థమవుతుంది: ఎల్‌డీఎల్‌ను ఎప్పుడూ దించాలి, సీఆర్‌పీ ఎందుకు పెరిగిందో వెతకాలి.

1. రక్తం ఎప్పుడు ఇవ్వాలో చూసుకోండి

తప్పు రోజున ఇచ్చిన రక్తం తప్పు అంకెలే ఇస్తుంది. గుండెపోటు తర్వాత రెండు మూడు రోజుల్లో సీఆర్‌పీ తారస్థాయికి చేరుతుంది, అది దెబ్బతిన్న గుండె కండరం వల్ల. దాన్ని చూసి దీర్ఘకాలిక ముప్పు లెక్కకట్టకూడదు. ఎల్‌డీఎల్ అందుకు విరుద్ధం. గుండెపోటు వచ్చిన 24 గంటల తర్వాత నుంచి కొన్ని వారాలు అది ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. అందుకే ఆసుపత్రిలో చేరిన మొదటి రోజే లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష) చేయడం మంచిది. హెచ్‌ఎస్-సీఆర్‌పీ మాత్రం కోలుకున్నాక, నెల నెలన్నర ఆగి చూడాలి. పెద్ద ఆపరేషన్లకూ ఇదే వర్తిస్తుంది.

జలుబు, జ్వరం, పంటి నొప్పి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దెబ్బ, టీకా వీటిలో ఏదైనా ఈమధ్యే ఉంటే హెచ్‌ఎస్-సీఆర్‌పీ వాయిదా వేయండి. అలవాటు లేని కఠిన వ్యాయామం చేసిన మర్నాడు కూడా అది పెరిగి ఉంటుంది.

పరగడుపు సంగతి. హెచ్‌ఎస్-సీఆర్‌పీకి అక్కర్లేదు. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌కు కూడా చాలామందికి అక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు) 400 దాటితే మాత్రం పరగడుపున మళ్లీ చేయించాలి.

2. యూనిట్లు చూడకుండా అంకె చదవొద్దు

ఈ ఒక్క విషయం దగ్గర ఎంతమంది పొరబడతారో చెప్పలేను. హెచ్‌ఎస్-సీఆర్‌పీ కొలమానాలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతారు. కానీ కొన్ని ల్యాబులు డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. లీటరులో పది డెసీలీటర్లు. రిపోర్టులో 0.41 అని ఉండి, యూనిట్ డెసీలీటర్ అయితే, అసలు విలువ 4.1. పైకి '1 కంటే తక్కువ, ముప్పు లేదు' అనిపించే రిపోర్టు నిజానికి 'ముప్పు ఎక్కువ' అన్న వరసలో ఉందన్నమాట.

కొలెస్ట్రాల్‌కు కూడా రెండు కొలతలున్నాయి. మిల్లీమోల్స్‌లో ఇస్తే దాన్ని 38.67తో గుణిస్తే డెసీలీటరుకు మిల్లీగ్రాములు వస్తాయి. ట్రైగ్లిజరైడ్స్‌కు గుణించాల్సింది 88.57. ఇకమీద ఈ వ్యాసంలో లిపిడ్ అంకెలన్నీ డెసీలీటరుకు మిల్లీగ్రాములు, సీఆర్‌పీ అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాములు.

చేయించేది 'సీఆర్‌పీ'నా 'హెచ్‌ఎస్-సీఆర్‌పీ'నా అన్నది కూడా చూడండి. ప్రొటీన్ ఒకటే, కానీ మామూలు పరీక్ష ఇన్‌ఫెక్షన్లలో వచ్చే పెద్ద అంకెల కోసం తయారైంది. గుండె ముప్పు తేలేది 1, 2, 3 అన్న చిన్న అంకెల మధ్య. అక్కడ హై సెన్సిటివిటీ పద్ధతే నమ్మదగింది.

3. కొలెస్ట్రాల్: ఒక రిపోర్టు ముందు పెట్టుకుని చూద్దాం

ఒక ఉదాహరణ. స్టెంట్ వేయించుకుని, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు వాడుతున్న మనిషి రిపోర్టు ఇలా ఉందనుకోండి: టోటల్ కొలెస్ట్రాల్ 152, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అనేది) 38, ట్రైగ్లిజరైడ్స్ 190, ఎల్‌డీఎల్ 76. పక్కన ఎల్‌డీఎల్‌కు '100 లోపు' అని నార్మల్ రేంజ్ అచ్చువేసి ఉంటుంది. ఎర్ర గుర్తు లేదు. ఇంట్లో అందరికీ సంతోషం.

మొదటి చిక్కు ఆ నార్మల్ రేంజ్‌తోనే. అది అందరినీ దృష్టిలో పెట్టుకుని వేసింది. గుండె రక్తనాళాల జబ్బు నిర్ధారణ అయినవాళ్లకు 2019 యూరోపియన్ మార్గదర్శకాల ప్రకారం ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి, అంతేకాదు, మందు మొదలుపెట్టకముందు ఉన్నదానిలో కనీసం సగం తగ్గాలి. రెండేళ్లలోపు రెండోసారి గుండెపోటులాంటిది వచ్చినవాళ్లకు 40 లోపు అన్న ఆలోచన కూడా చేస్తారు. 2018 అమెరికా మార్గదర్శకాలు ముప్పు బాగా ఎక్కువున్నవాళ్లకు 70 అన్న గీత పెట్టాయి, ఆ గీత దగ్గరో పైనో ఉంటే స్టాటిన్‌కు ఇంకో మందు జోడించమన్నాయి. ఏ గీతతో చూసినా 76 ఎక్కువే.

రెండో చిక్కు, ఆ 76 కొలిచింది కాకపోవచ్చు, లెక్కకట్టింది కావచ్చు. చాలా ల్యాబులు ఇప్పటికీ 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం వాడతాయి: టోటల్‌లో నుంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేయాలి. 152లో 38 పోతే 114, అందులో 190కి ఐదో వంతు 38 పోతే 76. సరిగ్గా అదే. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగానూ ఎల్‌డీఎల్ తక్కువగానూ ఉన్నప్పుడు ఈ సూత్రం ఎల్‌డీఎల్‌ను ఉన్నదానికంటే తక్కువ చేసి చూపిస్తుంది. అంటే మందులు బాగా వాడుతున్నవాళ్ల దగ్గరే, సరిగ్గా గీత దగ్గరే, ఇది మోసం చేస్తుంది. మీ రిపోర్టులో ఎల్‌డీఎల్ పక్కన 'డైరెక్ట్' అని ఉందా, 'కాల్క్యులేటెడ్' అని ఉందా చూడండి.

ఈ గొడవ తప్పించుకోవడానికి పైసా ఖర్చులేని మార్గం నాన్-హెచ్‌డీఎల్. టోటల్‌లో నుంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేదే అది. పైన 114. ధమని గోడలో ఇరుక్కునే కణాలన్నిటిలోని కొలెస్ట్రాల్ ఇందులోకి వస్తుంది, ఎల్‌డీఎల్ ఒక్కటే కాదు. దీని లక్ష్యం ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 కలిపితే వస్తుంది, అంటే 85 లోపు. 114 ఎక్కడ, 85 ఎక్కడ? సంతోషించిన రిపోర్టు ఇప్పుడు వేరేగా కనిపిస్తుంది కదా.

ఇంకా స్పష్టత కావాలంటే ఏపీవో-బీ. ధమనికి హాని చేసే ప్రతి కణం మీదా ఈ ప్రొటీన్ సరిగ్గా ఒక్కటే ఉంటుంది కాబట్టి, ఇది నేరుగా కణాల లెక్క. మధుమేహం, స్థూలకాయం, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నవాళ్లలో ఒక్కో కణంలో కొలెస్ట్రాల్ తక్కువగా, కణాల సంఖ్య ఎక్కువగా ఉంటుంది. ఎల్‌డీఎల్ బాగానే ఉన్నట్టుంటుంది, ఏపీవో-బీ నిజం చెబుతుంది. ముప్పు బాగా ఎక్కువున్నవాళ్లకు లక్ష్యం 65 లోపు. నన్నడిగితే, ట్రైగ్లిజరైడ్స్ 150 దాటి ఉన్న గుండె రోగులందరూ ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలి.

హెచ్‌డీఎల్ గురించి దిగులు పడకండి. తక్కువగా ఉంటే ముప్పు ఎక్కువన్నది నిజమే కానీ, మందులతో దాన్ని పెంచితే గుండెపోట్లు తగ్గుతాయన్న ఆశ ఫలించలేదు. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను బాగా పెంచింది, అయినా మరణాలు ఎక్కువవడంతో 2006లో ఆ ప్రయోగాన్నే ఆపేశారు.

4. లైపోప్రొటీన్-ఏ: జీవితంలో ఒక్కసారి

1963లో నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ కనుక్కున్న ఈ కణం దాదాపు పూర్తిగా వంశపారంపర్యం. సుమారు ఐదుగురిలో ఒకరికి ఎక్కువగా ఉంటుంది. 50 మిల్లీగ్రాములు లేదా 125 నానోమోల్స్ దాటితే ముప్పు ఎక్కువ అంటారు. తిండి, వ్యాయామం దీన్ని పెద్దగా మార్చలేవు, స్టాటిన్ కూడా దించదు. మరి చేయించడం ఎందుకంటే, ఇది ఎక్కువుంటే మిగతా ముప్పులన్నీ ఇంకా గట్టిగా తగ్గించాలి, తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేయించాలి. చిన్నవయసులో గుండెపోటు వచ్చిన కుటుంబాల్లో దీన్ని వదిలేయడం అన్యాయం. 'అపోలైపోప్రొటీన్-ఏ1' అనే పరీక్ష వేరు, పేరు చూసి అదే ఇది అనుకోవద్దు.

5. హెచ్‌ఎస్-సీఆర్‌పీ: రెండుసార్లు చూడకుండా నమ్మొద్దు

2003లో అమెరికాలో సీడీసీ (అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ), అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కలిసి పెట్టిన గీతలే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. 1 లోపు ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. మందుల ప్రయోగాల్లో మాత్రం ఎక్కువగా 2ను గీతగా తీసుకున్నారు. స్టాటిన్ వాడుతూ కూడా 2 దాటి ఉంటే మిగిలిపోయిన ఇన్‌ఫ్లమేషన్ ముప్పు అంటారు.

10 దాటితే దాన్ని గుండె లెక్కలో వేయకండి. ఎక్కడో ఇన్‌ఫెక్షనో, కీళ్ల జబ్బో, ఇంకేదో ఉంది. ముందు అది తేల్చాలి. 10 లోపు వచ్చినా రెండు వారాల తేడాతో మళ్లీ ఒకసారి చేయించి, రెండింటి సగటు చూడాలి. రక్తంలో సీఆర్‌పీ సగానికి తగ్గడానికి పట్టేది దాదాపు 19 గంటలే. కారణం తాత్కాలికమైతే రెండు వారాల్లో అంకె తప్పకుండా దిగుతుంది. దిగకపోతే లోపల ఏదో నిలకడగా నడుస్తోందని.

నిలకడగా ఎక్కువుంటే వెతకాల్సినవి ఇవీ: పొట్ట చుట్టూ కొవ్వు (అన్నిటికంటే మామూలు కారణం ఇదే), పొగతాగడం, చిగుళ్ల జబ్బు, అదుపులో లేని షుగర్, నిద్రలో ఊపిరి ఆగే సమస్య, కీళ్లవాతం, సోరియాసిస్, నోటి ద్వారా తీసుకునే ఈస్ట్రోజన్ మందులు. చిగుళ్లలోంచి రక్తం కారుతున్నా పట్టించుకోకుండా సీఆర్‌పీ తగ్గే మాత్ర ఉందా అని అడిగేవాళ్లుంటారు. ముందు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

కీళ్లవాతం ఉన్నవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు సీఆర్‌పీ పెరుగుతుంది, ఎల్‌డీఎల్ తగ్గుతుంది. ఆ తక్కువ ఎల్‌డీఎల్ చూసి గుండెకు ముప్పు లేదనుకోవడం పెద్ద పొరపాటు, ముప్పు మామూలు మనుషుల కంటే ఎక్కువే. టోసిలిజుమాబ్ లాంటి మందుతో జబ్బు అదుపులోకి వచ్చాక సీఆర్‌పీ పడిపోయి ఎల్‌డీఎల్ పైకి లేస్తుంది. కంగారుపడి ఆ మందు ఆపకూడదు. పెరిగిన ఎల్‌డీఎల్‌కు విడిగా చికిత్స చేయాలి.

6. మిగతా ఇన్‌ఫ్లమేషన్ పరీక్షలు

ఈఎస్ఆర్ (ఎర్రరక్తకణాలు ఎంత వేగంగా అడుక్కి దిగుతాయో చూసే పరీక్ష) రక్తహీనతకూ వయసుకూ కూడా పెరుగుతుంది, గుండె ముప్పు లెక్కకు పనికిరాదు. ఫైబ్రినోజన్, ఇంటర్‌ల్యూకిన్-6, మైలోపెరాక్సిడేజ్, ఎల్‌పీ-పీఎల్ఏ2 పరిశోధనల్లో విలువైనవి. వాటి అంకెను బట్టి మీ చికిత్స మారేది మాత్రం అరుదు. ప్యాకేజీలో వస్తే సరే, విడిగా డబ్బు పెట్టి చేయించనక్కర్లేదు.

7. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి

ఎల్‌డీఎల్ ఎక్కువ, సీఆర్‌పీ తక్కువ: ఇక్కడే జనం తమకు తాము సర్దిచెప్పుకుంటారు, 'ఇన్‌ఫ్లమేషన్ లేదు కాబట్టి కొలెస్ట్రాల్ ఉన్నా ఫర్వాలేదు' అని. ఫర్వాలేదు అనడానికి ఆధారం లేదు. ఎల్‌డీఎల్ దించాల్సిందే.

ఎల్‌డీఎల్ లక్ష్యంలో ఉంది, సీఆర్‌పీ 2 పైన ఉంది: దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. స్టాటిన్ వాడుతున్న 31,245 మంది వివరాలు కలిపి చూసి 2023లో ప్రచురించిన విశ్లేషణలో, గుండెజబ్బు మరణాల్ని ముందుగా సూచించడంలో ఎల్‌డీఎల్ కంటే హెచ్‌ఎస్-సీఆర్‌పీయే బలంగా నిలిచింది. దీన్నే పట్టుకుని 'కొలెస్ట్రాల్ అబద్ధం, ఇన్‌ఫ్లమేషనే నిజం' అని ప్రచారం చేసేవాళ్లను నమ్మకండి. ఆ విశ్లేషణలో ఉన్నవాళ్లందరికీ స్టాటిన్ ఇచ్చి ఎల్‌డీఎల్ అప్పటికే అణిచిపెట్టారు. మిగిలిన ముప్పులో తేడా సీఆర్‌పీ దగ్గర కనిపించింది, అంతే. ఆ మాట విని స్టాటిన్ మానేసి మళ్లీ ఆసుపత్రి పాలయ్యే మనుషుల గురించే నా బెంగంతా.

రెండూ ఎక్కువ: మన ఉదాహరణ మనిషి సీఆర్‌పీ 4.1, రెండు వారాల తర్వాత 3.5 అనుకోండి. ముందు పని ఎల్‌డీఎల్ మీదే, ఎందుకంటే స్టాటిన్ రెండింటినీ దించుతుంది. 2008 నాటి జూపిటర్ ప్రయోగంలో ఎల్‌డీఎల్ 130 లోపే ఉండి సీఆర్‌పీ 2 లేదా అంతకంటే ఎక్కువున్న 17,802 మందిని తీసుకున్నారు. రోసువాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు వాడిన సగంమందిలో గుండెపోటు, పక్షవాతం వంటివి 44 శాతం తగ్గాయి.

8. మందుల గురించి డాక్టరుగారితో మాట్లాడేముందు

స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే, మందు లేనప్పటి ఎల్‌డీఎల్‌లో మరో 6 శాతం మాత్రమే తగ్గుతుంది. పేగులు కొలెస్ట్రాల్‌ను పీల్చుకోకుండా ఆపే ఎజెటిమైబ్ మాత్ర జోడిస్తే ఉన్నదాంట్లో సుమారు 20 శాతం తగ్గుతుంది. మన ఉదాహరణలో 76 ఉన్నది ఎజెటిమైబ్‌తో 61 దగ్గరకు వస్తుంది, 55కు ఇంకా దూరమే. కాబట్టి స్టాటిన్ మోతాదు కూడా పెంచాల్సి రావచ్చు. అప్పటికీ చాలకపోతే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్‌ను అడ్డుకుని ఎల్‌డీఎల్ తగ్గించే ఇంజెక్షన్లు సుమారు 60 శాతం దించుతాయి. స్టాటిన్ పడనివాళ్లకు బెంపెడోయిక్ యాసిడ్ ఉంది. ఎల్‌డీఎల్ 39 మిల్లీగ్రాములు, అంటే ఒక మిల్లీమోల్ తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద సంఘటనలు దాదాపు 22 శాతం తగ్గుతాయని ప్రయోగాలన్నీ కలిపి చూస్తే తేలింది.

ఇన్‌ఫ్లమేషన్ మీద నేరుగా పనిచేసే మందుల చరిత్ర కాస్త ఎగుడుదిగుడు. 2017లో వెలువడిన కాంటోస్ ప్రయోగంలో, గుండెపోటు వచ్చి సీఆర్‌పీ 2 లేదా అంతకంటే ఎక్కువున్న 10,061 మందిపై, ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కెనకినుమాబ్‌ను పరీక్షించారు. ఎల్‌డీఎల్ కదలకుండానే గుండె సంఘటనలు 150 మిల్లీగ్రాముల మోతాదుతో 15 శాతం తగ్గాయి. ఇన్‌ఫ్లమేషన్ సిద్ధాంతానికి అది గట్టి రుజువు. కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, గుండె జబ్బుకు ఆ మందు వాడుకలోకి రాలేదు. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ తక్కువ మోతాదులో ఇచ్చి చూస్తే పనిచేయలేదు.

గౌట్‌కు వాడే కోల్చిసిన్, రోజుకు 0.5 మిల్లీగ్రాములు, 2019లో కోల్‌కాట్ అనే ప్రయోగంలో 23 శాతం, 2020లో లోడోకో-2 అనే ప్రయోగంలో 31 శాతం ముప్పు తగ్గించింది. 2023 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని గుండె జబ్బుకు అనుమతించింది. 2024లో, గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టి చూసిన క్లియర్ సినర్జీ ప్రయోగంలో మాత్రం లాభం కనిపించలేదు. అందువల్ల ఇది అందరికీ కాదు. నిలకడగా ఉన్న జబ్బు, ఎల్‌డీఎల్ లక్ష్యంలో ఉన్నా దిగని సీఆర్‌పీ, బాగా పనిచేసే కిడ్నీలు ఉన్నవాళ్ల విషయంలో అడగదగ్గ ప్రశ్న. కిడ్నీ లేదా కాలేయ జబ్బు తీవ్రంగా ఉంటే ఇది ప్రమాదం. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిస్తే రక్తంలో కోల్చిసిన్ విషపూరిత స్థాయికి చేరుతుంది. కోల్చిసిన్ వాడేవాళ్లు ఏ యాంటీబయాటిక్ రాయించుకుంటున్నా ఈ సంగతి చెప్పి తీరాలి.

9. మళ్లీ ఎప్పుడు?

లిపిడ్ మందు మొదలుపెట్టినా, మార్చినా 4 నుంచి 12 వారాల్లో మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ చేయించాలి. లక్ష్యం అందాక 3 నుంచి 12 నెలలకోసారి చాలు. లక్ష్యం అందిందని మందు ఆపితే కొద్ది వారాల్లో ఎల్‌డీఎల్ పాత చోటికి పోతుంది. అంకె బాగుండడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు. వీలైనంతవరకు అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో చేయించండి. ఎల్‌డీఎల్ ఒక్కసారిగా పెరిగితే ముందు మందులు వరసగా వేసుకున్నారా చూసుకుని, తర్వాత థైరాయిడ్ పరీక్ష, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష అడగండి. థైరాయిడ్ మందగించినా, కిడ్నీల నుంచి ప్రొటీన్ పోతున్నా ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

హెచ్‌ఎస్-సీఆర్‌పీ ప్రతిసారీ అక్కర్లేదు. ఎల్‌డీఎల్ లక్ష్యానికి చేరి, పొగ మానేసి, బరువు తగ్గి, చిగుళ్లు బాగుచేయించుకున్నాక ఒకసారి చూస్తే చాలు. పాత రిపోర్టులన్నీ తేదీల వరసన ఒకే ఫైలులో ఉంచి, ఒక్కో కాగితం మీద ఆ రోజు ఏ మందు ఎంత మోతాదులో వాడుతున్నారో, జలుబో జ్వరమో ఏమైనా ఉందో రాసిపెట్టండి. డాక్టరుగారికి అంకెతో పాటు ఆ నాలుగు మాటలు కూడా కావాలి.